మైదానం అందరిదీ: కళాశాల విద్యార్థుల వేసవి క్రీడా శిబిరాలు, మా అనుభవం

(జిల్లా స్థాయి కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవుల్లో కళాశాల విద్యార్థుల కోసం మేము నడుపుతున్న ఆటల శిబిరం గురించి చెప్పమని నిర్వాహకులు కోరారు. ముందుగానే ఒక మాట విన్నవించుకుంటాం. మా బృందంలో చెప్పుకోదగిన ఆటగాడు ఒక్కరూ లేరు. ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్ళం కొందరం, ఒక బడిపంతులు, సైకిల్ దుకాణం నడుపుకునే ఒక భాయీ, ఇంటి పనులు ముగించుకొని వచ్చే ముగ్గురు ఆపాలు. మాకు తెలిసినదల్లా దరఖాస్తు రాయడం, లెక్క రాయడం, పదిమందిని కూడగట్టడం. ఈ పనికి అవే ఎక్కువగా అక్కరకు వచ్చాయి.

ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. ఇంటర్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. జూన్ వచ్చేదాకా మన పిల్లలు ఏమి చేస్తున్నారు? పేదింటి కుర్రాళ్ళు కూలర్ల మరమ్మతుకో, ఫంక్షన్ హాళ్ళలో వడ్డనకో పోతారు. మిగిలినవారు పగలంతా ఫోను, రాత్రి ఒంటి గంట దాకా చబుత్రా. ఆడపిల్లలైతే ఇంట్లోనే ఉంటారు. మా ప్రాంతంలో చాలా ఇళ్ళలో తల్లి బీడీలు చుడుతుంది, కూతురు ఆకు కత్తిరిస్తుంది, సెలవులన్నీ ఆ చాట ముందే గడిచిపోతాయి. హైదరాబాద్ పాతబస్తీలో రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పట్టుకుపోయి తల్లిదండ్రుల సమక్షంలో హితబోధ చేసే ‘ఆపరేషన్ చబుత్రా’ గురించి మీరందరూ విన్నారు. అర్ధరాత్రి తిరగడాన్ని మేము సమర్థించం. అయితే, పగలు ఆడుకోవడానికి ఆ గల్లీకి మైదానం ఎక్కడుందని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. మొదట మమ్మల్ని మేమే ప్రశ్నించుకోవలసి వచ్చింది.

మైదానం దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మా పట్టణంలో ప్రజల సొమ్ముతో నిర్వహించే మైదానం ఒకటుంది. సంబంధిత కార్యాలయానికి నోటిమాటగా వెళ్ళి అడిగాం. ‘మీవాళ్ళకు షాదీఖానా ఉంది కదా, ఈద్గా ఉంది కదా, అక్కడ ఆడించుకోండి’ అన్నారు. అన్నది కటువుగా కాదు, చాయ్ తాగించి మరీ అన్నారు. మాలో కొందరికి ఆ మాటలో తప్పే కనిపించలేదు. ‘నిజమే, ఈద్గా ఏడాదికి రెండుసార్లే కదా వాడేది, మిగతా రోజులు ఖాళీయే కదా’ అని మన పెద్దలే అన్నారు. దీనిమీద రెండు వారాలు వాదించుకున్నాం. ఇక్కడ కొంచెం నిలిచి మాట్లాడాలి, ఎందుకంటే చాలా ఊళ్ళలో ఇదే సలహా ఎదురవుతుంది.

ఈద్గా వక్ఫ్ ఆస్తి. ఏ ఉద్దేశంతో వక్ఫ్ చేశారో ఆ ఉద్దేశానికే అది కట్టుబడి ఉండాలి. అది ధర్మం వైపు నుంచి చెప్పే మాట. చట్టం వైపు నుంచి కూడా జాగ్రత్తపడవలసినది ఉంది. బెంగళూరు చామరాజపేట ఈద్గా మైదానం సంగతి గుర్తు చేసుకోండి. అది వక్ఫ్ స్థలమా, ఆటస్థలమా అన్న వివాదం 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు ఆదేశించవలసి వచ్చింది. మన చేతులతో మనమే ఈద్గాను ఆటస్థలంగా మార్చి, ఫొటోలు తీసి, కరపత్రాలు వేసుకుంటే రేపు ఆ కాగితాలు ఎవరి చేతికి ఆయుధాలవుతాయో ఆలోచించండి. ఈ రెండు కారణాలకన్నా మాకు ముఖ్యంగా తోచినది మూడోది. పట్టణ మైదానం మీద మన పిల్లలకున్న హక్కును ఈద్గా చూపించి ఎందుకు వదిలించుకోవాలి? ‘మీ చోటు మీకుంది’ అనే మాటకు తలూపితే, ఊరి చోటు మనది కాదని ఒప్పుకున్నట్లే.

రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో ఖండం చదవమని ప్రతి కార్యకర్తకూ మనవి చేస్తున్నాం. ప్రభుత్వ నిధులతో పూర్తిగా గాని, కొంతవరకు గాని నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు వాడుకోవడంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుడికీ ఆంక్ష పెట్టరాదని అందులో ఉంది. ఆ వాక్యం వెనుక మనకన్నా ముందు దెబ్బలు తిన్నవారి చరిత్ర ఉంది. 1927లో మహాడ్ చెరువు నీళ్ళు దోసిట పట్టడానికి అంబేడ్కర్ గారు వేలమందితో నడిచివెళ్ళారు. ఆ పోరాటం ఫలితాన్ని మనం మైదానంలో అనుభవిస్తున్నాం. ఆ రుణం మరువరాదు.

సరే, తరువాత ఏమి చేశాం? నోటిమాట మానేశాం. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ గంటల్లో, ఎంతమందికి, బాధ్యత ఎవరిది, శుభ్రం చేసేదెవరు అన్నీ వివరంగా రాసి దరఖాస్తు ఇచ్చాం. నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం. మూడు వారాలు మౌనం. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద ఇంకో కాగితం పెట్టాం. గడచిన రెండు వేసవుల్లో ఆ మైదానాన్ని ఎవరెవరికి, ఏ నిబంధనలతో కేటాయించారో జాబితా ఇవ్వమన్నాం. ఎవరినీ నిందించలేదు, ఒక్క పరుష పదం వాడలేదు. జవాబుకు ముప్పై రోజుల గడువుంటుంది. అది పూర్తి కాకముందే ఉదయం వేళకు అనుమతి పత్రం వచ్చింది. జాబితా మాత్రం రాలేదు, మేమూ దాని వెంట పడలేదు. పడవలసిందని మాలో ఒకరిద్దరికి ఇప్పటికీ ఉంది. కార్యాలయాల్లో బతుకంతా గడిపిన మాకు తెలిసిన రహస్యం ఇంతే: నోటితో అడిగినది ఎవరైనా మరిచిపోవచ్చు, నంబరు పడిన కాగితాన్ని మరిచిపోవడం కష్టం.

ఇక కాలం సంగతి. వేసవి శిబిరం అనగానే ఏప్రిల్‌లో మొదలుపెట్టాలని అందరికీ తొందర. మొదటి ఏడాది మేమూ అలాగే చేశాం. పదిరోజులకే సగం మంది మాయమయ్యారు. ఎంసెట్ కొందరికి, నీట్ కొందరికి. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం జరుగుతుంది. అందుకే ఇప్పుడు ఆ మరుసటి వారం నుంచే మొదలుపెడుతున్నాం. డిగ్రీ పిల్లలకు సెమిస్టర్ పరీక్షలు మేలో కూడా ఉంటాయి కనుక, పరీక్ష రోజుల్లో రాకపోతే హాజరు తప్పినట్టు లెక్కించం. రెండో పంచాంగం మన చాంద్రమాన పంచాంగం. అది ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2019లో మే నెల దాదాపుగా అంతా రంజాన్‌లోనే గడిచింది, అప్పుడు పగటిపూట శిబిరం అసాధ్యం. ఇప్పుడు రంజాన్ వేసవి దాటి వెనక్కి వెళ్ళింది, బక్రీద్ వేసవిలోకి వచ్చింది. 2026లో అది మే చివరి వారంలో పడుతుంది. అప్పటికి ఆటలు ముగించాలి, లేదా వారం విరామం ఇచ్చి జూన్ మొదటి రోజుల్లో ముగింపు పెట్టుకోవాలి. పండుగ ముందు రోజు ఫైనల్ పెట్టి, మేకల సంత దగ్గర ఉన్న పిల్లలను ఫోన్లు చేసి పిలిచిన అనుభవం మాది.

రోజువారీ వేళలు మాకు నమాజు వేళలే నిర్ణయించి పెట్టాయి. ఫజర్ జమాత్ ముగించుకొని ఐదున్నరకు మైదానం చేరితే అప్పటికి వెలుగు వస్తుంది. ఏడున్నరకు ఆపేస్తాం. సాయంత్రమైతే అసర్ తరువాత మగ్రిబ్ లోపల గంట పైచిలుకు దొరుకుతుంది. రాత్రి లేటుగా పడుకునేవాడు ఉదయం రాలేడు, రావాలనుకున్నవాడు త్వరగా పడుకుంటాడు. చబుత్రా ఖాళీ కావడానికి మేము చేసిన హితబోధ ఇంతకుమించి లేదు.

ఎండ గురించి మా తప్పు ఒకటి చెప్పి తీరాలి. మొదటి ఏడాది చివరి వారంలో ఫుట్‌బాల్ పోటీని సాయంత్రం నాలుగు గంటలకు పెట్టాం. మగ్రిబ్‌కు ముందే బహుమతులు కూడా ఇచ్చేయాలని మా ఆత్రం. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి మేము ప్రసంగాలు చేశాం, మేమేమో షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నాం. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు పద్దెనిమిదేళ్ళ అబ్బాయి తూలిపడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే మా బడిపంతులు ఆపారు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒంటి నిండా నీళ్ళు చల్లి, తడిబట్టలతో విసురుతూ 108కు ఫోన్ చేశాం. అల్లాహ్ దయవల్ల రెండు రోజుల్లో కోలుకొని ఇంటికి వచ్చాడు. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అనుంటే కొంత తేలికపడేవాళ్ళం.

ఆనాటి నుంచి మైదానంలో ప్రసంగాలు నిషేధం. పొద్దున ఏడున్నర తరువాత, సాయంత్రం ఐదుంబావుకు ముందు బంతి ముట్టరాదు. అరగంటకొకసారి ఈల వేసి అందరూ నీళ్ళు తాగాలి, దాహం వేసినా వేయకపోయినా. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలిపిన ద్రవం బిందె నిండా ఉంటుంది. మజ్జిగ, సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బత్ ఇళ్ళ నుంచి వస్తాయి. శీతల పానీయాల డబ్బాలు పంపుతామన్న దాతకు దండం పెట్టి, ఆ సొమ్ముతో మంచు, గోనెసంచులు కొనిపించాం.

ఏ ఆటలు ఆడించాలి? మన కుర్రాళ్ళను అడిగితే ముక్తకంఠంతో క్రికెట్ అంటారు. సిరాజ్ పేరు చెబుతారు. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రి కొడుకు భారత జట్టుకు బంతి వేస్తున్నాడంటే ఎవరికి గర్వంగా ఉండదు? మాకూ ఉంది. కాని రెండు గంటల సమయం, ఒకే మైదానం ఉన్నప్పుడు లెక్క చూడండి. క్రికెట్ అయితే ఆ చోటంతా ఇరవై ఇద్దరిది, అందులోనూ ఒక జట్టులో తొమ్మిది మంది చెట్టు కింద కూర్చుంటారు. తొమ్మిదో స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చే కుర్రాడికి బంతి తగిలేది ఎన్నిసార్లు? వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు. అదే చోటులో నాలుగు కోర్టులు గీస్తే నలభై ఎనిమిది మంది ఏకకాలంలో ఆడతారు. కబడ్డీకి సున్నం తప్ప ఖర్చే లేదు. అందుకే వారంలో ఒక్క రోజే క్రికెట్, తక్కిన రోజులు వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, ఏడుగురి ఫుట్‌బాల్. మొదట సణిగారు. ఇప్పుడు శుక్రవారం క్రికెట్ పెడితే ‘వాలీబాల్ లేదా?’ అని అడిగేవారు తయారయ్యారు.

ఫుట్‌బాల్ మాట వచ్చింది కనుక ఒక పెద్దాయనను తలచుకోవాలి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ వృత్తిరీత్యా బడి ఉపాధ్యాయులు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించినప్పుడు శిక్షకులు ఆయనే. ఈ సంగతి మన పిల్లల్లో పదిమందికి ఒకరికి కూడా తెలియదు. సినిమా వచ్చాక కొందరికి తెలిసింది. మా శిబిరంలో గోడకు ఆయన చిత్రపటం ఉంచాం, కింద రెండు పంక్తుల్లో ఈ వివరాలు రాశాం. అంతకుమించి ఉపన్యాసం లేదు.

అయితే ఇది విజేతలను తయారుచేసే శిబిరం కాదు. కొందరు తండ్రులు మొదటి రోజే ‘స్పోర్ట్స్ కోటా వస్తుందా?’ అని అడుగుతారు. రాదని చెబుతాం. కోటాకు శిక్షణ వేరు, సంస్థలు వేరు, ఏళ్ళ తరబడి సాధన వేరు. మా దగ్గరకు కళ్ళద్దాల పిల్లవాడు, లావుగా ఉన్నందుకు బడిలో గేలి పడినవాడు, కాలేజీ జట్టులో ఎన్నడూ చోటు దొరకనివాడు రావాలి. అందుకే జట్లను ఎంపిక చేయం, చీటీలు వేస్తాం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి ఏడాది మొహల్లావారీగా జట్లు కట్టాం. ఉత్సాహం బాగా వచ్చింది, దానితోపాటు పగలూ వచ్చాయి. ఒక మ్యాచ్‌లో వికెట్లు పీకి చేతబట్టుకున్నారు. చీటీల పద్ధతి వచ్చాక ఈ రోజు ప్రత్యర్థి రేపు మన జట్టువాడే అవుతాడు, ఎవరిమీదని కోపం పెట్టుకుంటాడు?

శిబిరం మనవాళ్ళకేనా, అందరికా? ఈ ప్రశ్న మీద మా బృందంలో ఒకరు అలిగి నెల రోజులు రాలేదు. ‘మన చందాలతో నడిపేది మన పిల్లలకే’ అన్నది ఆయన వాదం. పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కాని అందరి మైదానం అని రాజ్యాంగం చూపించి తెచ్చుకున్న అనుమతితో, గేటు దగ్గర మతం అడగడం మాకు నోరు రాలేదు. తలుపు తెరిచాం. పక్క వాడల నుంచి దళిత, బీసీ కుర్రాళ్ళు వచ్చారు. ఉదయం నడకకు వచ్చే పెద్దమనుషులు మొదట గుర్రుగా చూశారు. వారి నడక దారి వదిలి కోర్టులు గీశాం, రోజూ మైదానంలో కాగితం ముక్క లేకుండా ఊడ్చి వెళ్ళాం. మూడో వారంలో వారిలో ఒకరు, పదవీ విరమణ చేసిన పీఈటీ మాస్టారు, తానే ఈల తీసుకొని వచ్చి వాలీబాల్ రిఫరీగా నిలబడ్డారు. అలిగినాయన ఇప్పుడు ఆయనతోనే కూర్చొని చాయ్ తాగుతారు.

ఆడపిల్లల విషయంలో మేము ఎక్కువగా విఫలమయ్యాం. మొదటి ఏడాది కరపత్రంలో చివరి పంక్తిగా ‘బాలికలు కూడా రావచ్చును’ అని వేశాం. ఒక్కరూ రాలేదు. రానందుకు వారినే తప్పుపట్టాం కూడా. ‘రావచ్చును’ అన్నది పిలుపు కాదని మా ఇంటి ఆడవాళ్ళే మాకు చెప్పారు. రెండో ఏడాది ఆపాలు ముగ్గురూ ఇంటింటికీ వెళ్ళారు. తల్లులు చెప్పిన షరతులు రాసుకొచ్చారు: చుట్టూ గోడ ఉండాలి, నేర్పేది మహిళే అయి ఉండాలి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి, ఫొటో ఒక్కటి కూడా బయటకు రాకూడదు. ఇవి అతిగా అడిగినవా? ఏ తల్లి అయినా అడిగేవే. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడి ఆవరణ దొరికింది. ఒక మహిళా పీఈటీకి గౌరవ వేతనం ఇచ్చి కుదుర్చుకున్నాం. ఫోన్లన్నీ గేటు దగ్గర సంచిలో వేయాలి, మా ఫోన్లు కూడా. నివేదికలో పెట్టడానికి ఫొటో లేకపోతే చందా ఎలా అడగాలని మాలో ఒకరు బాధపడ్డారు. హాజరు పట్టీ చూపించండి అన్నాం.

హిజాబ్‌తో ఆటేమిటని కొందరు, ఆటకోసం హిజాబ్ తీస్తారేమోనని మరికొందరు ఇరువైపులా అడిగారు. ప్రపంచ ఫుట్‌బాల్ నిబంధనలు 2014 నుంచి, బాస్కెట్‌బాల్ నిబంధనలు 2017 నుంచి తలకప్పును అనుమతిస్తున్నాయి. అంతర్జాతీయ పోటీలకే లేని అభ్యంతరం మన బడి ఆవరణలో ఎందుకు? పిన్నులు మాత్రం తీసేసి, గుచ్చుకోకుండా కట్టుకోమంటాం. తీసి ఆడతానన్న అమ్మాయిని కూడా ఎవరూ ఏమీ అనరాదు, గోడ లోపల ఉన్నది ఆడవాళ్ళే కదా. నిజామాబాద్ మైదానంలో తండ్రి వెంట వెళ్ళి పరుగుతో మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. ఆడపిల్లకు ఆ ఆట ఎందుకన్న మాటలు ఆ ఇంటికీ తప్పలేదు. అన్నవారే తరువాత స్వాగత తోరణాలు కట్టారు, మన సమాజం అలాంటిదే.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి సంగతి చెబుతాం, పేరు వద్దు. వెళ్ళవచ్చు గాని, తన వంతు బీడీలు చుట్టి వెళ్ళాలని తల్లి అంది. అమ్మాయి సహరీ వేళలాగా మూడున్నరకే లేచి, ఆకు తడిపి, కత్తిరించి పెట్టి ఐదున్నరకు వచ్చేది. మాకు ఇది పదిరోజుల దాకా తెలియనే తెలియదు. తెలిశాక ఆపాలు వెళ్ళి తల్లితో మాట్లాడారు. ఆమె మొండి మనిషి కాదు, చుట్టిన బీడీల లెక్క మీదే ఇల్లు నడుస్తుంది. చివరకు ఆడపిల్లల శిబిరాన్ని వారానికి ఆరు రోజుల నుంచి నాలుగు రోజులకు తగ్గించి, సమయాన్ని ఆరు గంటలకు జరిపాం. హాజరు పెరిగింది. పిల్లలను శిబిరానికి సరిపెట్టడం కాదు, శిబిరాన్నే వారి ఇంటికి సరిపెట్టాలని మాకు అప్పటికి గాని బోధపడలేదు.

డబ్బు గురించి క్లుప్తంగా. జకాత్ సొమ్ము దీనికి వాడరాదని మా ఉలమా చెప్పారు, వాడలేదు. వేరుగా చందా, వేరు రసీదు పుస్తకం. సగం ఖర్చు శిక్షకులకు, మిగిలినది బంతులు, నెట్లు, మంచు, మందుల పెట్టెకు. జెర్సీలు, కప్పులు, ఫ్లెక్సీలు లేవు. ప్రతి శుక్రవారం జమాఖర్చు కాగితం మసీదు బోర్డు మీద, మైదానం గేటు మీద అంటిస్తాం. లెక్క రాసేది, హాజరు తీసేది, నీళ్ళ బాధ్యత చూసేది విద్యార్థులే. వాళ్ళ లెక్కలో ఒకసారి నలభై రూపాయలు తేడా వస్తే ఇద్దరు కుర్రాళ్ళు రాత్రి పది గంటలకు మా ఇంటికి వచ్చి, దొరికేదాకా కదలలేదు.

ఈ ఏటి దరఖాస్తు సిద్ధంగా ఉంది, సోమవారం ఇవ్వబోతున్నాం. ఉదయం వేళతోపాటు సాయంత్రపు వేళ కూడా అడుగుతున్నాం, అది ఇంతవరకు ఇవ్వలేదు. నమూనా ప్రతులు బల్లమీద పెట్టాం, మీ ఊరి పేరు, తేదీలు మార్చుకొని వాడుకోవచ్చు. దాని పక్కన ఒక నోటు పుస్తకం ఉంది. ఆడపిల్లల శిబిరానికి రెండో శిక్షకురాలు ఇంకా దొరకలేదు. వ్యాయామ విద్య చదివిన సోదరీమణులు గాని, వారిని ఎరిగినవారు గాని వెళ్ళేముందు అందులో పేరు, ఊరు రాసి వెళ్ళండి.